పొట్లంలోని సూక్ష్మజీవి బతికే ఉందా? ప్రోబయోటిక్ వెసికిల్స్ – పేగు కణాల రక్షణ జన్యువులు

మహబూబాబాద్ జిల్లాలోని ఒక తండాలో జరిగిన రైతు శిక్షణ కార్యక్రమం ముగియబోతుండగా ఒక మహిళా రైతు లేచి నిలబడి తన చేతిలోని పొట్లాన్ని చూపింది. అది కోళ్ల తాగునీటిలో కలిపే ప్రోబయోటిక్ పొడి. "సారూ, దీన్ల ఉన్న పురుగులు బతికున్నయా, సచ్చినయా? సచ్చినయైతే మా పైసలు దండుగనేనా?" అని అడిగింది. ఆ రోజు నేను మొక్కజొన్న యాజమాన్యం గురించి మాట్లాడడానికి వెళ్లినవాణ్ణి. అయినా ప్రశ్న సూక్ష్మజీవులకు సంబంధించినది కాబట్టి, "బతికి ఉంటేనే పని చేస్తాయమ్మా" అని సమాధానం చెప్పాను. పొట్లం మీద చల్లని, పొడి ప్రదేశంలో నిల్వ చేయాలని ముద్రించి ఉంది. మే నెల ఎండలో అది గోదాము నుంచి దుకాణానికి, దుకాణం నుంచి ద్విచక్ర వాహనంపై తండాకు చేరిన దారిలో చల్లని ప్రదేశం ఒక్కటీ లేదు.

నా సమాధానం పాఠ్యపుస్తకం ప్రకారం తప్పు కాదు, కానీ అసంపూర్ణం. మేలుచేసే బాక్టీరియా తమ శరీరం నుంచి విడుదల చేసే అతిసూక్ష్మమైన తిత్తులు, అంటే వెసికిల్స్, బాక్టీరియా కణం దగ్గర లేకపోయినా పేగు కణాలలోని రోగనిరోధక జన్యువులను ప్రభావితం చేయగలవని గత పదిహేనేళ్ల పరిశోధనలు చూపుతున్నాయి. అంటే 'బతికి ఉందా, చచ్చిందా' అన్న ప్రశ్నకు తోడు 'అది ఏమి పంపుతోంది' అన్న ప్రశ్న కూడా వేసుకోవలసి వస్తోంది. ఈ పరిశోధనల సారాన్ని, వాటి పరిమితులను, క్షేత్రస్థాయిలో రైతుకు మనం చెప్పదగిన మాటను, చెప్పకూడని మాటను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మూడు జిల్లాలు – ఒకే అవసరం

2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్ జిల్లా పునర్వ్యవస్థీకరణలో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుంచి ములుగు వేరుపడింది. మెట్ట భూములు, కరువు అనుభవం ఎక్కువగా ఉన్న జనగామ. తండాలు, మిరప చేలు విస్తరించిన మహబూబాబాద్. గోదావరి తీరం, అడవి, బొగ్గు గనులు కలిసిన భూపాలపల్లి – భౌగోళికంగా ఇవి భిన్నమైనవే. అయితే వరి, పత్తి చేతికందని సంవత్సరంలో ఇంటిని నిలబెట్టేవి మూడు చోట్లా పాడి పశువులు, గొర్రెలు, మేకలు, పెరటి కోళ్లే. పిల్లల ఫీజుకో, ఆసుపత్రి ఖర్చుకో వారపు సంతలో అమ్మగలిగినది పత్తి కాదు, కోడి.

అందుకే కోడిపిల్లకు పారుడు రోగం వచ్చినా, దూడకు తెల్ల విరేచనాలు పట్టుకున్నా రైతు తొందరపడతాడు. దగ్గరలో పశువైద్యుడు అందుబాటులో లేని సందర్భాలలో దుకాణదారు ఇచ్చిన యాంటీబయాటిక్ వాడకమే జరుగుతుంది. దానికి ప్రత్యామ్నాయంగా నేడు ప్రోబయోటిక్ పొట్లాలు గ్రామాలకు చేరుతున్నాయి. వాటి వెనుక ఉన్న శాస్త్రం తెలియకుండా విస్తరణ శాస్త్రవేత్త అవునని గాని, కాదని గాని చెప్పలేడు.

నిర్వచనంలో దాగిన ప్రశ్న

పులిసిన పాలలోని బాక్టీరియా ఆరోగ్యానికి మేలు చేస్తుందన్న ఆలోచనను శాస్త్రీయ చర్చలోకి తెచ్చినవాడు ఎలీ మెచ్నికోఫ్. భక్షక కణాలపై ఆయన చేసిన కృషికి 1908లో నోబెల్ బహుమతి లభించింది. ఆధునిక నిర్వచనం మాత్రం 2001లో ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణుల సంఘం ఇచ్చినది: తగిన పరిమాణంలో అందించినప్పుడు ఆతిథేయికి ఆరోగ్య ప్రయోజనం కలిగించే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయోటిక్స్. ఇందులో మూడు షరతులున్నాయి – సజీవత, మోతాదు, నిరూపితమైన ప్రయోజనం. ఈ లెక్కన ఇంటి పెరుగు మంచి ఆహారమే, కానీ అందులోని బాక్టీరియాను గుర్తించి, ప్రయోజనాన్ని పరీక్షించనంతవరకు దానిని శాస్త్రార్థంలో ప్రోబయోటిక్ అనలేము.

కోళ్లకు సంబంధించి ఒక పాత ప్రయోగం ఇక్కడ గుర్తు చేసుకోదగినది. 1973లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు నుర్మి, రంటాలా అప్పుడే పొదిగిన కోడిపిల్లలకు పెద్ద కోళ్ల పేగు పదార్థాన్ని అందించి, అవి సాల్మొనెల్లాను తట్టుకోగలవని చూపారు. హాచరీలో పుట్టిన పిల్ల తల్లిని చూడదు కాబట్టి తల్లి పేగులోని సూక్ష్మజీవులూ దానికి అందవు. మన పెరట్లో తల్లికోడి రెక్కల కింద పెరిగే పిల్లకు అవి మొదటి రోజు నుంచే అందుతాయి. మేలుచేసే బాక్టీరియా స్థలాన్ని, ఆహారాన్ని ఆక్రమించడం వల్ల హానికర బాక్టీరియాకు చోటు దక్కదని నాటి వివరణ. ఆ వివరణ నేటికీ చెల్లుతుంది. అయితే కథ అంతటితో ఆగలేదు. బాక్టీరియా తన పక్కనున్న బాక్టీరియాతో పోటీ పడడమే కాక, పేగు కణంతో సంభాషణ కూడా జరుపుతుందని తరువాత తెలిసింది. ఆ సంభాషణకు వాహకాలలో ఒకటి వెసికిల్.

వెసికిల్ అంటే ఏమిటి?

బాక్టీరియా కణత్వచం నుంచి ఉబ్బి, తెగి, విడిపోయిన గుండ్రని తిత్తే వెసికిల్. దీని వ్యాసం సాధారణంగా 20 నుంచి 400 నానోమీటర్లు. బాక్టీరియా కణంలో ఇది పదో వంతు, అంతకంటే తక్కువ. దీనిలో ప్రోటీన్లు, కొవ్వు పదార్థాలు, కణకవచపు ముక్కలు, డీఎన్ఏ, ఆర్ఎన్ఏ ఉండవచ్చు. దీనికి విభజన శక్తి లేదు, కాబట్టి ఇది జీవి కాదు. వరికోతల సమయంలో బంధువుల ఇంటికి పంపే మూటలో కొంత బియ్యం, కొంత పప్పు, నాలుగు మిరపకాయలు కలిపి కట్టినట్లు, విడివిడిగా పంపితే దారిలో నశించిపోయే పదార్థాలను బాక్టీరియా ఒకే పొరలో చుట్టి పంపుతుంది. పొర ఉన్నందువల్ల పేగులోని ఎంజైములు లోపలి సరుకును వెంటనే జీర్ణం చేయలేవు.

గ్రామ్ నెగెటివ్ బాక్టీరియాలో ఇటువంటి తిత్తులను 1960లలోనే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ద్వారా గమనించారు. కలరా బాక్టీరియా బాహ్యత్వచం ఉబ్బి తిత్తులుగా విడిపోవడాన్ని 1967లో ప్రకటించిన ఛటర్జీ, దాస్ భారతీయ శాస్త్రవేత్తలు. ప్రోబయోటిక్స్‌లో ముఖ్యమైన లాక్టోబాసిల్లస్ వర్గం మాత్రం గ్రామ్ పాజిటివ్. దీని కణత్వచం పైన పెప్టిడోగ్లైకాన్‌తో కట్టిన మందమైన కవచం ఉంటుంది. అంత మందమైన గోడను దాటి తిత్తి బయటకు రాలేదని చాలాకాలం భావించారు. 2009లో స్టాఫిలోకాకస్ ఆరియస్ వెసికిల్స్‌ను వేరుచేసి, వాటిలోని ప్రోటీన్లను గుర్తించడంతో ఆ అభిప్రాయం మారింది. కవచాన్ని కరిగించే ఎంజైములు అక్కడక్కడ రంధ్రాలు చేస్తాయని, వాటి గుండా త్వచం ఉబ్బి బయటపడుతుందని 2017లో బాసిల్లస్ సబ్టిలిస్‌పై జరిగిన పరిశోధన చూపింది.

పేగు గోడ – ఒకే వరుస కాపలా

పేగు లోపలి గోడ ఒకే వరుస కణాలతో కట్టినది. ఒకవైపు లెక్కలేనన్ని సూక్ష్మజీవులు, మరోవైపు రక్తం. మధ్యనున్నది ఒక కణం మందం ఉపకళా పొర, దానిపై శ్లేష్మం. ఈ పొర చేయవలసిన పని కష్టమైనది: ఆహారాన్ని లోపలికి రానివ్వాలి, వ్యాధికారకాన్ని ఆపాలి, మేలుచేసే బాక్టీరియాపై అనవసరంగా యుద్ధం ప్రకటించకూడదు.

ఈ పనికి పేగు కణాలు మూడు రకాల జన్యువులపై ఆధారపడతాయి. మొదటి రకం సూక్ష్మజీవులను చంపే ప్రోటీన్లను తయారుచేసేవి. వీటిలో రెగ్-3-గామా ముఖ్యమైనది. ఇది గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా కవచానికి అంటుకొని వాటిని చంపుతుంది. ఎలుకలలో ఈ ప్రోటీన్ వల్లనే బాక్టీరియాకు, పేగు గోడకు మధ్య సుమారు 50 మైక్రోమీటర్ల ఖాళీ నిలుస్తుందని 2011లో తేలింది. రెండవ రకం, సందేశ ప్రోటీన్లైన సైటోకైన్ల జన్యువులు. ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1-బీటా వంటివి శోథను (ఇన్‌ఫ్లమేషన్‌ను) పెంచుతాయి. ఇంటర్‌ల్యూకిన్-10, టీజీఎఫ్-బీటా దానిని అణచుతాయి. మూడవ రకం కణాల మధ్య సందులను మూసి ఉంచే ప్రోటీన్ల జన్యువులు.

సామాన్యంగా శ్లేష్మపు పొర కారణంగా బాక్టీరియా కణం పేగు కణాన్ని తాకలేదు. నానోమీటర్ల పరిమాణంలో ఉన్న వెసికిల్‌కు ఆ అవరోధాన్ని దాటే అవకాశం ఎక్కువ. దాటిన తరువాత అది కణం పైనున్న టీఎల్ఆర్-2 వంటి గ్రాహకాలకు తగలవచ్చు, లేదా కణంలోకి ప్రవేశించి నాడ్-1, నాడ్-2 అనే అంతర్గత గ్రాహకాలకు కణకవచపు ముక్కలను అందించవచ్చు. ఆ గ్రాహకాల సంకేతంతో కేంద్రకంలోని జన్యువుల వ్యక్తీకరణ మారుతుంది.

ప్రయోగాలు చెప్పినది

అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి అనుబంధమైన పరిశోధకులు 2017లో ప్రకటించిన అధ్యయనం ఈ విషయంలో తరచుగా ఉదహరించబడుతుంది. వారు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బాక్టీరియా వెసికిల్స్‌ను వేరుచేశారు. (2020 నాటి వర్గీకరణ మార్పుతో దీని పేరు లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారమ్ అయింది.) ఆ వెసికిల్స్‌ను కాకో-2 అనే మానవ పెద్దపేగు కణాలకు, సినోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే నులిపురుగుకు అందించారు. మానవ కణాలలో రెగ్-3-గామా, కాథెప్సిన్-బి జన్యువుల వ్యక్తీకరణ పెరిగింది. నులిపురుగులో వాటికి సమానమైన రక్షణ జన్యువులు చురుకయ్యాయి. వాంకోమైసిన్ మందుకు లొంగని ఎంటరోకాకస్ బాక్టీరియా సోకిన నులిపురుగులు, వెసికిల్స్ అందినప్పుడు ఎక్కువ కాలం జీవించాయి. అక్కడ సజీవ ప్రోబయోటిక్ కణం లేదు. అది పంపిన తిత్తి మాత్రమే ఉంది.

2020లో దక్షిణ కొరియా పరిశోధకులు లాక్టోబాసిల్లస్ పారాకేసి వెసికిల్స్‌తో మరో రకమైన ఫలితాన్ని చూపారు. శోథకు గురిచేసిన మానవ పేగు కణాలలో శోథను పెంచే సైటోకైన్ జన్యువుల వ్యక్తీకరణ తగ్గి, అణచే వాటి వ్యక్తీకరణ పెరిగింది. రసాయనంతో పెద్దపేగు శోథ కలిగించిన ఎలుకలలో వ్యాధి తీవ్రత తగ్గింది.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ 2021 నాటిది. చైనా పరిశోధకులు లాక్టోబాసిల్లస్ రూటరీ వెసికిల్స్‌ను బ్రాయిలర్ కోళ్లపై పరీక్షించారు. బాక్టీరియా విషపదార్థంతో శోథ కలిగించిన కోళ్లలో ఈ వెసికిల్స్ ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాటిని తగ్గించి, ఇంటర్‌ల్యూకిన్-10, టీజీఎఫ్-బీటాలను పెంచాయి.

మూడవ రకం జన్యువులకు ఉదాహరణ ఈ.కోలై నిస్లే 1917. మొదటి ప్రపంచయుద్ధంలో తోటి సైనికులకు విరేచనాలు సోకినా తాను మాత్రం ఆరోగ్యంగా ఉన్న ఒక సైనికుడి నుంచి జర్మన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ నిస్లే వేరుచేసిన రకమిది. దీని వెసికిల్స్ పేగు కణాల మధ్య సందులను బిగించే ప్రోటీన్లను పెంచి, వదులుచేసే ఒక ప్రోటీన్‌ను తగ్గించాయి.

ఈ ఫలితాలను పక్కపక్కన పెడితే ఒక ముఖ్యమైన విషయం బోధపడుతుంది. ఒక బాక్టీరియా వెసికిల్ రక్షణ జన్యువును పెంచింది. మరొకదాని వెసికిల్ శోథ జన్యువును తగ్గించింది. ఇంకొకటి గోడను బిగించింది. వీటన్నింటినీ 'రోగనిరోధక శక్తిని పెంచుతుంది' అన్న ఒకే వాక్యంలో చుట్టి పొట్లంపై ముద్రిస్తే అది శాస్త్రం కాదు. రోగనిరోధక ప్రతిస్పందన ఎప్పుడూ పెరగడమే మేలు కాదు. అవసరానికి మించి పెరిగితే అదే పేగును గాయపరుస్తుంది, దాణాలోని శక్తిని వృథా చేస్తుంది. ఏ రకం, ఏ జన్యువును, ఎటు మార్చిందన్నదే అడగవలసిన ప్రశ్న.

యాంటీబయాటిక్‌తో ముడిపడిన సంగతి

2017 అధ్యయనంలో వ్యాధికారకంగా వాంకోమైసిన్‌కు లొంగని ఎంటరోకాకస్‌ను ఎంచుకోవడం పశుపోషణకు సంబంధం లేని విషయం కాదు. ఐరోపాలో కోళ్లు, పందుల దాణాలో పెరుగుదల కోసం అవోపార్సిన్ అనే యాంటీబయాటిక్‌ను వాడేవారు. రసాయన నిర్మాణంలో అది వాంకోమైసిన్‌కు దగ్గరి బంధువు. ఆ దాణా తిన్న పశువులలో వాంకోమైసిన్‌కు లొంగని బాక్టీరియా కనిపించడంతో డెన్మార్క్ 1995లో, ఐరోపా సమాఖ్య 1997లో అవోపార్సిన్‌ను నిషేధించాయి. 2006 జనవరి 1 నుంచి పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ వాడకాన్ని సమాఖ్య పూర్తిగా నిలిపివేసింది. మన దేశంలో 2019 జూలైలో కొలిస్టిన్‌ను ఆహార జంతువులు, కోళ్లు, ఆక్వా రంగాలలోను, దాణా సంకలనాలలోను నిషేధించారు.

యాంటీబయాటిక్ వల్ల మరో నష్టం కూడా ఉంది. 2008లో ఎలుకలపై జరిగిన ఒక పరిశోధనలో యాంటీబయాటిక్స్ పేగులోని సహజ బాక్టీరియాను తుడిచివేయగానే, ఇంతకుముందు పేర్కొన్న రెగ్-3-గామా ఉత్పత్తి పడిపోయింది. పేగు కణాలకు ఆ జన్యువును చురుకుగా ఉంచే సంకేతం సహజ బాక్టీరియా నుంచే వస్తోంది. అది ఆగిపోగానే కాపలా సడలింది. ఆ అవకాశాన్ని మందుకు లొంగని ఎంటరోకాకస్ వాడుకొని విజృంభించింది. ఆ ఎలుకలకు బాక్టీరియా కణం కాక, దాని బాహ్యత్వచంలోని లైపోపాలీశాకరైడ్ అనే పదార్థాన్ని మాత్రమే నోటి ద్వారా ఇస్తే రెగ్-3-గామా తిరిగి పెరిగింది.

ఈ రెండు అధ్యయనాలను కలిపి చూస్తే తండాలో అడిగిన ప్రశ్నకు సమాధానంలో సగం దొరుకుతుంది. పేగు కణం మేల్కొని ఉండడానికి సజీవ బాక్టీరియా ఒక్కటే మార్గం కాదు. దాని నుంచి వచ్చే తగిన సంకేతం చాలు. కారణం చూడకుండా వాడిన యాంటీబయాటిక్ శత్రువుతో పాటు ఆ సంకేతాన్ని ఇచ్చే మిత్రుడినీ తొలగిస్తుంది.

నేలలోనూ ఇదే భాష

సస్య విజ్ఞాన శాస్త్రవేత్తగా నాకు ఈ విషయం ఆసక్తి కలిగించడానికి కారణం వేరే ఉంది. విత్తనశుద్ధిలో మనం సిఫారసు చేసే సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ మొక్కలో ప్రేరిత నిరోధకతను కలిగిస్తుందని తరగతి గదిలో బోధిస్తున్నాం. 2021లో అమెరికాలో జరిగిన పరిశోధనలో ఇదే బాక్టీరియా వెసికిల్స్‌ను అరబిడాప్సిస్ మొక్కకు అందించినప్పుడు, మొక్క రక్షణ వ్యవస్థ చురుకై, బాక్టీరియా తెగుళ్ల నుంచి, బూజు తెగుళ్లను కలిగించే ఊమైసీట్ల నుంచి రక్షణ లభించింది. అంతకుముందు 2018లో మరో పరిశోధన, మొక్క కూడా తన వెసికిల్స్‌లో చిన్న ఆర్ఎన్ఏలను నింపి బోట్రైటిస్ శిలీంద్రంలోకి పంపి దాని జన్యువులను అణచుతుందని చూపింది.

అంటే మిరప వేరు దగ్గర జరిగే సంభాషణకు, కోడి పేగులో జరిగే సంభాషణకు పోలిక ఉంది. వేరు మొక్కకు పేగు వంటిది అనడం అతిశయోక్తి కాదు: రెండూ ఆహారాన్ని గ్రహించే ఉపరితలాలే, రెండూ సూక్ష్మజీవుల మధ్యనే పనిచేయాలి, రెండింటికీ మిత్రుణ్ణి శత్రువు నుంచి వేరుచేసే జన్యువులున్నాయి. జీవ ఎరువుల విషయంలోనూ, ప్రోబయోటిక్స్ విషయంలోనూ రైతుకు ఎదురయ్యే సమస్య కూడా ఒకటే: ఎండకు, నిల్వకు బాక్టీరియా చనిపోవడం.

ప్రయోగశాలకు, పెరటికి మధ్య దూరం

వెసికిల్స్‌కు నిల్వలో చావు భయం లేదు. అవి పేగులో అతిగా వృద్ధి చెందవు. తిత్తులను సీసాలో నింపి వాడడం అసాధ్యమూ కాదు. మెనింజైటిస్ కలిగించే బాక్టీరియా బాహ్యత్వచ వెసికిల్స్‌తో చేసిన టీకాను న్యూజిలాండ్‌లో 2004 నుంచి వాడారు. అయినా ప్రోబయోటిక్ వెసికిల్స్‌ను ఈ రోజు మన రైతుకు సిఫారసు చేయలేము. విద్యార్థులు ఈ రంగంలోని వ్యాసాలు చదివేటప్పుడు ఈ కింది అంశాలను పరిశీలించాలి.

మొదటిది, శుద్ధత. బాక్టీరియా వర్ధనాన్ని 0.22 మైక్రోమీటర్ల వడపోతతో కణరహితం చేసి, గురుత్వాకర్షణకు లక్ష రెట్లు, అంతకు మించిన వేగంతో అపకేంద్రణం చేసి వెసికిల్స్‌ను వేరుచేస్తారు. పాలలోనే ఆవు, గేదె కణాలు విడుదల చేసిన వెసికిల్స్ ఉంటాయి. కాబట్టి పాలతోనో, పెరుగుతోనో చేసిన ప్రయోగంలో ఏ తిత్తి ఎవరిదో తేల్చాలి. బాక్టీరియా లేని వర్ధనాన్ని కూడా ఇదే విధంగా శుద్ధిచేసి, తుల్య నమూనాగా వాడారా అని చూడాలి.

రెండవది, కొలత. కొందరు ప్రోటీన్ బరువుతో, కొందరు రేణువుల సంఖ్యతో మోతాదు చెబుతారు. ఈ రెండింటినీ నేరుగా పోల్చలేము.

మూడవది, జన్యు వ్యక్తీకరణ. ఎంఆర్ఎన్ఏ రెట్టింపైనంత మాత్రాన ప్రోటీన్ రెట్టింపు కాదు. ప్రోటీన్ పెరిగినంత మాత్రాన జంతువు వ్యాధిని తట్టుకుంటుందని కాదు. కాకో-2 కణాలు క్యాన్సర్ నుంచి వచ్చినవి. వాటి చుట్టూ శ్లేష్మం, రక్తం, ఇతర రోగనిరోధక కణాలు ఉండవు.

నాలుగవది, రకం. ఒకే జాతిలోని రెండు రకాల వెసికిల్స్ ఒకే ఫలితం ఇవ్వవలసిన అవసరం లేదు. వరిలో ఒక వంగడానికి దోమపోటు నిరోధం ఉంటే అన్ని వంగడాలకూ ఉందని మనం అనం కదా!

ఐదవది, పరిస్థితి. శుభ్రమైన ప్రయోగశాలలో, సమతుల దాణా తినే బ్రాయిలర్‌పై వచ్చిన ఫలితం, గింజలు ఏరుకొని, పురుగులు తిని, కుంట నీరు తాగే పెరటి కోడికి అదే రూపంలో వర్తించదు.

రైతుకు చెప్పదగిన మాట

ఈ పరిమితులను దృష్టిలో ఉంచుకొని, మూడు జిల్లాలలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తలు ఈ కింది విషయాలను నిస్సంకోచంగా చెప్పవచ్చు.

ప్రోబయోటిక్ టీకాకు ప్రత్యామ్నాయం కాదు. కొక్కెర రోగం వస్తే మంద మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. దానికి టీకా తప్ప మరో మార్గం లేదు. వెసికిల్స్ గురించిన ఏ ఫలితమూ ఈ సలహాను మార్చదు.

పొట్లం కొనేముందు ఐదు వివరాలు చూడాలి: బాక్టీరియా పూర్తి పేరు, రకం, గ్రాముకు సజీవ కణాల సంఖ్య, గడువు తేదీ, నిల్వ ఉష్ణోగ్రత. ఈ వివరాలు లేని పొట్లాన్ని కొనవద్దని చెప్పాలి. నేడు దొరికే ఉత్పత్తుల ప్రయోజనం సజీవ కణాలపైనే పరీక్షించబడింది కాబట్టి, వెసికిల్స్ పేరు చెప్పి చనిపోయిన సరుకును సమర్థించకూడదు.

వేసవిలో సిద్ధబీజాలు ఏర్పరచే బాసిల్లస్ రకాలు లాక్టోబాసిల్లస్ రకాల కంటే వేడిని బాగా తట్టుకుంటాయి. పొట్లాన్ని రేకుల కప్పు కింద కాక నీడలో, కుండ పక్కన చల్లని చోట ఉంచాలి. క్లోరిన్ కలిపిన నీటిలోను, యాంటీబయాటిక్ కలిపిన నీటిలోను ప్రోబయోటిక్‌ను కలపకూడదు. రెండూ దానిని చంపుతాయి. కలిపిన నీటిని ఉదయం పూట, తక్కువ పరిమాణంలో, త్వరగా తాగేలా పెట్టాలి.

పశువైద్యుని సలహా లేకుండా యాంటీబయాటిక్ వాడకూడదన్నది మనం ఎప్పుడూ చెప్పే మాటే. దానికి ఇప్పుడు ఒక కారణాన్ని జోడించవచ్చు: అది రేపటి మందును నిష్ఫలం చేయడమే కాదు, ఈ రోజే పేగు కాపలాను బలహీనపరుస్తుంది. పొదిగించే కోడి ఉన్న ఇంట్లో పిల్లలను తల్లి దగ్గరే పెరగనివ్వడం, శుభ్రమైన తాగునీరు, పొడి లిట్టర్ – ఇవి ఖర్చులేని, నమ్మదగిన పద్ధతులు.

విద్యార్థుల ముందున్న పని

ఈ ప్రాంతంలో జొన్న అంబలి, పెరుగు, మజ్జిగ తరతరాలుగా ఇంటింటా పులుస్తున్నాయి. నలభై డిగ్రీల ఎండలో మట్టికుండలో బతికే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా మన దగ్గర ఉంది. వాటిని సేకరించి, గుర్తించి, వాటి వెసికిల్స్ కోడి పేగు కణాలలో ఏ జన్యువులను ఎటు మారుస్తాయో చూడడం స్నాతకోత్తర విద్యార్థి చేయదగిన పరిశోధన. వేడికి గురిచేసిన వెసికిల్స్ ప్రభావం నిలుస్తుందా, వనరాజ, గ్రామప్రియ వంటి పెరటి రకాలలో కణంపై కనిపించిన ఫలితం జంతువులోనూ కనిపిస్తుందా అన్నవి తరువాతి మెట్లు. మామునూరు పశువైద్య కళాశాల, వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం ఒకదానికొకటి దూరంలో లేవు. పేగు వైపు నుంచి పశువైద్యులు, వేరు వైపు నుంచి మేము ఒకే ప్రశ్నను అడుగుతున్నాం. కలిసి అడిగితే సమాధానం త్వరగా దొరుకుతుంది.

ఆ మహిళా రైతు మళ్లీ అదే పొట్లం పట్టుకొని అడిగితే ఈసారి ఇలా చెబుతాను: "ఇప్పుడు నీ చేతిలో ఉన్నది బతికి ఉంటేనే పని చేస్తుందమ్మా, అందుకే చల్లగా దాచు, తేదీ చూసి కొను. అవి చచ్చిపోయినా, వాటి నుంచి వచ్చే పదార్థం పని చేసే మందు ఒకటి రావచ్చు. దాని మీద పరిశోధన జరుగుతోంది. అది నిలకడగా పని చేస్తుందని నీ పెరట్లోని కోళ్ల మీదే పరీక్షించి చూసిన రోజున, నేనే వచ్చి చెబుతాను. అప్పటిదాకా ఆ పేరుతో ఎవరు ఏది అమ్మినా కొనవద్దు."